నేను నాన్న పోలిక, చెల్లి అమ్మ పోలిక. గుండెజబ్బు కూడా పోలికను బట్టే వస్తుందా?

పెద్దమ్మాయి:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మా నాన్న 47 ఏళ్లకి గుండెపోటుతో పోయారు. అప్పటికి నాకు పదిహేను, చెల్లికి పదకొండు. తర్వాత కొన్నేళ్లకి బాబాయి కూడా అలాగే పోయారు, ఆయనకి 49. మేనత్తకి ఇప్పుడు 66. బాగానే తిరుగుతోంది కానీ ఇంతవరకు రక్తపరీక్ష అన్నదే చేయించుకోలేదు. తాతయ్య సంగతి అడిగితే "నిద్రలోనే పోయాడు" అంటారు తప్ప అంతకుమించి ఎవరికీ తెలియదు.

నాకిప్పుడు 38. ఆఫీసులో చేయించే చెకప్‌లో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్టరాల్, 231 వచ్చింది. నేను సన్నగానే ఉంటాను, రోజూ నడుస్తాను, షుగర్ లేదు, బీపీ లేదు. రిపోర్ట్ తప్పేమోనని మళ్లీ చేయిస్తే 226 వచ్చింది. డాక్టర్‌గారు నాన్న గురించి, బాబాయి గురించి వివరంగా అడిగారు. ఇది పుట్టుకతో వచ్చే రకం కావచ్చు, ఫెమీలియల్ హైపర్‌కొలెస్టరోలీమియా అంటారు అని చెప్పి, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందు రాశారు. ఇంట్లో రక్తసంబంధీకులందరికీ పరీక్ష చేయించమని గట్టిగా చెప్పారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. చెల్లికి ఫోన్ చేస్తే, "అక్కా, నువ్వు అచ్చం నాన్నవి. నేను అమ్మ పోలిక. నాకెందుకొస్తుంది?" అంది. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఇదే మాట. నా ముక్కు, నుదురు, నడక, చివరికి తుమ్మే తీరు కూడా నాన్నదే అంటారు. చెల్లి అమ్మని దింపినట్టు ఉంటుంది. అమ్మేమో "ఒకదానికి వచ్చింది కదా, రెండోదాన్ని దేవుడు వదిలేస్తాడులే" అంటోంది. బాబాయికి ఇద్దరు కొడుకులు. వాళ్లకి చెప్తే "పెదనాన్న, నాన్న ఇద్దరూ సిగరెట్లు తాగేవాళ్లక్కా, మేం ముట్టుకోం" అని తేల్చేశారు.

నాకు డాక్టర్ సలహా అక్కర్లేదు, అది దొరుకుతోంది. కుటుంబాల మీద, కవలల మీద పరిశోధనలు చేస్తారు కదా, అవి తెలిసినవాళ్లు చెప్పండి. పోలికకీ జబ్బుకీ లింకు ఉందా? చెల్లికి వచ్చే అవకాశం ఎంత? మేనత్త పిల్లలకి ఎంత? నా కొడుక్కి తొమ్మిదేళ్లు, వాడి మాటేమిటి? వీళ్లందరికీ చూపించడానికి నాకు లెక్కలు కావాలి. నా భయం అనుకుని కొట్టిపారేస్తున్నారు.

---

వంశవృక్షం:

కుటుంబాల ఆరోగ్య వివరాల మీద గణాంకాలు కట్టడమే నా ఉద్యోగం. వైద్యుణ్ని కాను, మీరు అడిగింది లెక్కే కాబట్టి చెప్పగలను.

మీ చెల్లిగారి మాటకి జవాబు: పోలికకీ ఈ జబ్బుకీ ఏ సంబంధమూ లేదు. ముఖం తీరు వెనక వందల జన్యువులు ఉంటాయి. అవి క్రోమోజోములన్నింటి మీదా చెదిరి ఉంటాయి. మీ డాక్టర్ అనుమానిస్తున్న జబ్బుకి చాలా కుటుంబాల్లో ఒకే ఒక్క జన్యువులో లోపం కారణం. దాన్ని ఎల్‌డీఎల్ రిసెప్టర్ జన్యువు అంటారు, 19వ క్రోమోజోము మీద ఉంటుంది. ఏపీఓబీ, పీసీఎస్‌కే9 అనే మరో రెండు జన్యువుల వల్ల కూడా వస్తుంది కానీ తక్కువ. డాక్టర్ అనుమానం నిజమైతే, మీ నాన్నగారిలో ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి బాగుంది, ఒకటి చెడింది. బిడ్డకి ఆయన నుంచి ఒక ప్రతే వెళ్తుంది. మీ చెల్లి ముఖమంతా అమ్మదే అయినా ఆమె డీఎన్‌ఏలో సగం నాన్నదే. ఆ సగంలో ఏ ప్రతి వచ్చిందో అద్దంలో చూసి చెప్పలేం.

అమ్మగారి మాట సంగతి. నాణెం ఎగరేస్తే మీకు బొరుసు పడింది. చెల్లికి ఎగరేసినప్పుడు ఆ నాణేనికి మీ సంగతి గుర్తుండదు. ఆమెకీ సరిగ్గా సగం అవకాశం. నలుగురు పిల్లలుంటే నలుగురికీ రావచ్చు, ఒక్కరికీ రాకపోవచ్చు. ఇద్దరిలో ఒకరికి వస్తే రెండోవారు తప్పించుకున్నట్టే అనుకోవడం చాలా కుటుంబాల్లో విన్నాను. దీనివల్ల చాలామంది పరీక్షకి వెళ్లరు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

తోబుట్టువులు సగం సగం పంచుకుంటారన్నది కూడా సగటు మాటే. 2006లో పీటర్ విషర్ బృందం 4,401 తోబుట్టువుల జంటలను జన్యుపరంగా పోల్చి చూస్తే, పంచుకున్న వాటా కొందరిలో 37 శాతమే ఉంది, కొందరిలో 62 శాతం దాకా ఉంది. అంటే కొందరు అక్కాచెల్లెళ్లు నిజంగానే మిగతావాళ్లకన్నా దగ్గర. అయినా ఒక్క జన్యువు విషయానికి వచ్చేసరికి ఆ వాటా ఏమీ చెప్పదు. వచ్చిందా, లేదా, అంతే.

ఈ జబ్బు కథ మొదటి నుంచీ కుటుంబాలతోనే నడిచింది. నార్వేలో కార్ల్ మ్యూలర్ అనే వైద్యుడు 1938లో కొన్ని కుటుంబాల గురించి రాశాడు. కొలెస్టరాల్ ఎక్కువ, స్నాయువుల (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ల) మీద గడ్డలు, గుండెనొప్పి, ఈ మూడూ ఒకే ఇళ్లలో కలిసి కనిపిస్తున్నాయని చూపించాడు. ఎందుకో తేలడానికి ఇంకో మూడు దశాబ్దాలు పైనే పట్టింది. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1970లలో ఇలాంటి రోగుల చర్మకణాలను పెంచి చూశారు. ఎల్‌డీఎల్‌ని పట్టుకుని కణం లోపలికి లాక్కునే రిసెప్టర్లు వాటిలో లోపించాయని కనుక్కున్నారు. 1985లో వాళ్లకి నోబెల్ వచ్చింది. మీరు సన్నగా ఉండి, రోజూ నడుస్తూ కూడా 231 రావడానికి కారణం ఇదే కావచ్చు. ఒంట్లోకి ఎక్కువ రావడంకన్నా, ఉన్నది రక్తం నుంచి బయటికి పోకపోవడమే ఇక్కడ సమస్య. థైరాయిడ్ మందకొడిగా ఉన్నా ఎల్‌డీఎల్ పెరుగుతుంది, ఆ పరీక్ష అయిందో లేదో చూసుకోండి.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. దాదాపు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుంది. వైద్యం లేకపోతే మగవాళ్లలో సుమారు సగం మందికి 50 ఏళ్లలోపు, ఆడవాళ్లలో సుమారు 30 శాతం మందికి 60 ఏళ్లలోపు గుండెజబ్బు బయటపడుతుందని పాత కుటుంబ అధ్యయనాలు చెప్పాయి. ఆ మొదటి అధ్యయనాల్లో జబ్బు బాగా ముదిరి ఆసుపత్రికి వచ్చినవాళ్ల కుటుంబాలే ఎక్కువ కాబట్టి అంకెలు కొంచెం ఎక్కువ వైపు ఉండి ఉండవచ్చు. అయినా ముప్పు పెద్దదే.

ఇప్పుడు మీ వాళ్ల లెక్క. మీకు ఇది ఖాయమైతే చెల్లికి 1/2, బాబుకి 1/2. మేనత్తకి కూడా 1/2, ఎందుకంటే నాన్నగారికి వచ్చింది తాతయ్య నుంచో నాయనమ్మ నుంచో కాబట్టి. మేనత్త పరీక్ష చేయించుకునేదాకా ఆవిడ పిల్లలకి 1/4. ఆవిడకి లేదని తేలిన రోజున ఆ పిల్లలకి ఈ వైపు నుంచి భయం లేదు, వాళ్లని పరీక్షలకి తిప్పనక్కర్లేదు. అందుకే ముందు మేనత్తని ఒప్పించండి. ఒక్క మనిషి రక్తంతో ఒక కొమ్మ మొత్తం తేలిపోతుంది. 66 ఏళ్లకి ఆరోగ్యంగా ఉంది కాబట్టి లేకపోవడానికే అవకాశం కాస్త ఎక్కువ, కానీ ఆడవాళ్లలో ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టి దాని మీద ఆధారపడకూడదు. బాబాయి 49కే పోయారంటే ఆయనకి ఉండి ఉంటుందనే అనుకోవాలి. ఆయన కొడుకులకి 1/2 లెక్కనే మాట్లాడండి.

సిగరెట్ల మాటలో కొంత నిజం ఉంది. అవి ముప్పుని బాగా పెంచుతాయి, తాగకపోవడం మంచిదే. తాగనంత మాత్రాన జన్యువు మాయమైపోదు. కుటుంబం ఒకే ఇంట్లో ఉంటుంది, ఒకే అలవాట్లు పంచుకుంటుంది కాబట్టి రక్తమేదో, అలవాటేదో విడదీయడం కష్టం. డెన్మార్క్‌లో దత్తత పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 1988లో వచ్చింది. కన్నవాళ్లలో ఒకరు 50 ఏళ్లలోపు గుండె లేదా రక్తనాళాల జబ్బుతో పోయి ఉంటే, వేరే ఇంట్లో పెరిగిన ఆ పిల్లలకి కూడా అదే కారణంతో చనిపోయే ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. క్యాన్సర్ విషయంలో తిరగబడింది: అక్కడ కన్నవాళ్లకన్నా పెంచినవాళ్ల ప్రభావమే కనిపించింది. కాబట్టి అన్ని జబ్బులనీ "వంశం" అనే ఒకే గాటన కట్టలేం.

ఒక ప్రశ్న. నాన్నగారికి వేళ్ల కణుపుల మీద గట్టి గడ్డల్లాంటివి ఉండేవా? మడమ వెనక స్నాయువు దళసరిగా ఉండేదా? ఎవరికైనా గుర్తుందేమో అడగండి. ఆయనది రక్తనాళం మూసుకుపోయి వచ్చిన గుండెపోటేనా, ఉన్నట్టుండి గుండె ఆగిపోవడమా అన్నది కూడా తెలుసుకోండి. గుండె కండరం దళసరి అయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అని ఇంకో వంశపారంపర్య జబ్బుంది, దాదాపు 500 మందిలో ఒకరికి. దానికి కొలెస్టరాల్‌తో పని లేదు, ఈసీజీ, ఎకో చూడాలి. చిన్న వయసు మరణాలన్నీ ఒకే కారణంతో జరిగాయని ముందే తీర్మానించుకోకూడదు.

---

కవలల్లో రెండోవాణ్ని:

పెద్దమ్మాయిగారూ, పోలిక అంటే మాకే చెప్పాలి. నేనూ అన్నయ్యా ఏకరూప కవలలం. నాకన్నా కొన్ని నిమిషాలు పెద్ద కాబట్టి అన్నయ్య. వాడికి 52లో గుండెపోటు వచ్చింది, బతికాడు. స్టెంట్ వేశారు. ఐసీయూ బయట కూర్చున్న నన్ను చూసి ఒక డాక్టర్, "మీకెప్పుడు చేయించారు యాంజియో?" అని అడిగారు. ఆ మాటతో నా కాళ్లు చల్లబడ్డాయి.

ఆ తర్వాత దొరికినదల్లా చదివాను. స్వీడన్‌లో 21,004 మంది కవలలను దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనం 1994లో వచ్చింది. మగవాళ్లలో కవల 55 ఏళ్లలోపు గుండెజబ్బుతో పోతే, రెండోవాడికి అదే జబ్బుతో చనిపోయే ముప్పు ఏకరూప కవలలైతే 8.1 రెట్లు, మామూలు కవలలైతే 3.8 రెట్లు. ఆడవాళ్లలో, కవల 65 ఏళ్లలోపు పోయిన చోట 15 రెట్లు, 2.6 రెట్లు. మొదటివారు ఎంత ముసలితనంలో పోతే రెండోవారికి ముప్పు అంత తగ్గుతూ వచ్చింది.

ఆ 8.1 చూసి కొన్ని వారాలు నిద్ర పట్టలేదు. అప్పుడు మా అమ్మాయి, తను లెక్కలు చదువుకుంది, ఒక మాట అడిగింది. "నాన్నా, దేనికి ఎనిమిది రెట్లు?" నిజమే కదా, మొదట ఉన్న ముప్పు ఎంతో తెలియకుండా ఎనిమిది రెట్లంటే ఎంతో తెలియదు. ఆ అధ్యయనంలో కూడా కవల పోయిన ప్రతి మనిషీ పోలేదు. డీఎన్‌ఏ అంతా ఒకటే అయినా చాలా జంటల్లో ఒకరికి వచ్చింది, రెండోవారికి ఆ వయసుకి రాలేదు. నాకు యాంజియో చేస్తే ఒక నాళంలో కొద్దిగా ఉంది, మందులు చాలన్నారు. అన్నయ్య పాతికేళ్లు సిగరెట్లు తాగాడు, నేను తాగలేదు. తేడా దానివల్లేనా అంటే ఒక్క జంటని చూసి చెప్పకూడదని ఇప్పుడు నాకు తెలుసు. అందుకే వేల జంటలని చూస్తారు.

మీ తమ్ముళ్లకి (బాబాయిగారి అబ్బాయిలకి) ఒకటి చెప్పండి. చిన్న వయసులో పోవడం అన్నదే పెద్ద సూచన. 80 ఏళ్ల తాతకి గుండెపోటు వస్తే అది కుటుంబ చరిత్ర కింద పెద్దగా లెక్క కాదు. తండ్రి గానీ అన్నదమ్ములు గానీ 55 లోపు, తల్లి గానీ అక్కచెల్లెళ్లు గానీ 65 లోపు జబ్బు పడితే డాక్టర్లు దాన్ని గట్టిగా పట్టించుకుంటారు. 49 అంటే హద్దుకి చాలా ఇవతలే.

---

నిమ్మళం:

నాది వేరే అభిప్రాయం. మా ఇంట్లోనూ గుండెజబ్బులున్నాయి. తెలుసుకుని ఏం చేస్తాం? ముప్పైల్లో ఉన్న ఆ కుర్రాళ్లు హాయిగా ఉన్నారు. రిపోర్ట్ చేతికిచ్చి జీవితాంతం టెన్షన్ పెట్టడం అవసరమా? తొమ్మిదేళ్ల పిల్లాడికి "నీకు జబ్బు" అని చెప్పాలా? వంశవృక్షంగారి అంకెలు చదువుతుంటే నాకే గుండె దడ వచ్చింది. పరిశోధకులకి మనం అంకెలం, ఇంట్లోవాళ్లకి మనం మనుషులం.

---

వంశవృక్షం:

నిమ్మళంగారూ, మీరడిగింది న్యాయమైన ప్రశ్న. తెలుసుకోకుండా ఉండే హక్కు మనిషికి ఉంది. హంటింగ్టన్ అనే మెదడు జబ్బు కూడా ఇలాగే తల్లి లేదా తండ్రి నుంచి సగం అవకాశంతో వస్తుంది. ఆ జన్యువు ఆనవాలు 1983లో, జన్యువే 1993లో దొరికాయి, పరీక్ష వచ్చింది. ముప్పున్న కుటుంబాల్లో చాలామంది ఆ పరీక్ష వద్దనుకున్నారు. జబ్బుని ఆపే మందు లేనప్పుడు ఆ నిర్ణయాన్ని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు, నాకైతే అసలే లేదు.

ఇక్కడ పరిస్థితి వేరు, మందు ఉంది. అది పనిచేస్తుందని కూడా కుటుంబాల్లోనే తేలింది. నెదర్లాండ్స్‌లో ఈ జబ్బున్న 214 మంది పిల్లలకి చిన్నప్పుడే స్టాటిన్ మొదలుపెట్టి, 20 ఏళ్ల తర్వాత ఏమైందో 2019లో ప్రచురించారు. ఆ పిల్లలని ఎవరితో పోల్చారో చూడండి: వాళ్ల సొంత తల్లిదండ్రులతో. అదే లోపం ఉన్నవాళ్లు, కాకపోతే చిన్నతనంలో స్టాటిన్లు లేని తరం. 39 ఏళ్లు వచ్చేసరికి తల్లిదండ్రుల్లో 26 శాతం మందికి గుండె, రక్తనాళాల జబ్బు వచ్చింది. పిల్లల్లో 1 శాతం మందికే. రెండు తరాల మధ్య ఇంకా చాలా మారి ఉంటాయి, సిగరెట్లతో సహా. ఆ తేడా మొత్తం మందుదే అనను. అయినా 26కీ 1కీ మధ్య దూరాన్ని అలవాట్లతోనే సర్దిచెప్పడం కష్టం.

చిన్నప్పుడే ఎందుకంటే, ఎల్‌డీఎల్ ఎంత ఉందన్నదే కాదు, ఎన్నేళ్లుగా ఉందన్నదీ లెక్కే. దీనికి అవతలి వైపు నుంచి కూడా సాక్ష్యం ఉంది. ముందు చెప్పిన పీసీఎస్‌కే9 జన్యువు అతిగా పనిచేస్తే ఈ జబ్బు వస్తుంది, అది పనిచేయని వాళ్లకి మాత్రం పుట్టుకతోనే ఎల్‌డీఎల్ తక్కువ. అమెరికాలో నల్లజాతివారిలో ఇలాంటి మార్పు ఉన్నవాళ్లకి సగటున 28 శాతం తక్కువ ఉంటే, 15 ఏళ్ల పరిశీలనలో గుండెజబ్బు ముప్పు 88 శాతం తక్కువగా కనిపించింది. 2006లో వచ్చిన ఆ అధ్యయనం చదివిన రోజు నాకింకా గుర్తుంది. పుట్టినప్పటి నుంచీ తక్కువగా ఉండటం ఎంత మేలు చేస్తుందో అంత స్పష్టంగా చూపించినది అంతకుముందు నేను చూడలేదు.

పిల్లాడికి "నీకు జబ్బు" అని చెప్పనక్కర్లేదు. కళ్లజోడు అవసరమైన పిల్లాడికి చెప్పినంత మామూలుగా చెప్పొచ్చు. టెన్షన్ నిజమే, దాన్ని చిన్నచూపు చూడను. ఆ కుర్రాళ్లిద్దరి విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు, చెప్పి తీరాలి. విని వద్దనుకుంటే అది వాళ్ల ఇష్టం. వద్దనుకోవడానికైనా ముందు తెలియాలి కదా.

---

పెద్దమ్మాయి:

అందరికీ ధన్యవాదాలు. వంశవృక్షంగారూ, మీరడిగిన గడ్డల సంగతి అమ్మనడిగితే "అదా, పని చేసీ చేసీ కణుపులు కాయలు కాచాయి" అంది. మేనత్తకి ఫోన్ చేస్తే తనంతట తనే, "అన్నయ్యకీ, మా నాన్నకీ కణుపులు ఒకేలా ఉండేవి. మాలో మేం చెప్పుకునేవాళ్లం" అంది. తాతయ్య గురించి నేను విన్న కొత్త ముక్క అదొక్కటే. ఆసుపత్రి కాగితాలు బీరువాలో దొరికాయి. నాన్నది రక్తనాళం మూసుకుపోయిన గుండెపోటే అని రాసి ఉంది. నా థైరాయిడ్ మామూలుగానే ఉంది.

మేనత్త పరీక్షకి ఒప్పుకుంది. "నా పిల్లల కోసమంటే చేయించుకుంటా" అంది. 1/4 లెక్క చెప్పాకే ఆ మాట వచ్చింది. చెల్లి ఇంకా ఊగిసలాడుతోంది. దానికి 34, రెండో బిడ్డ గురించి ఆలోచిస్తోంది, ఇప్పుడు మందులంటే భయపడుతోంది. బాబాయి కొడుకులు ఫోన్ ఎత్తడం లేదు. నేను ఫోన్ చేస్తే జబ్బు గురించే అని వాళ్లకి అర్థమైపోయింది.

మామూలు రక్తపరీక్ష చాలా, జన్యుపరీక్షే కావాలా? వీళ్లకి ఎలా చెప్పాలో కూడా ఎవరైనా చెప్పండి.

---

మూడో తరం:

అక్కా, నాకు ఇదే జబ్బు. మా అమ్మకి, పెద్దమామయ్యకి, నాకు, మా అన్నయ్య కూతురికి ఉంది. అన్నయ్యకి కూడా ఉందని కూతురి రిపోర్ట్ వచ్చాకే తెలిసింది. అప్పటిదాకా తను పరీక్షకి రాలేదు. మా ఇంట్లో అందరికీ చెప్పే పని నా నెత్తినే పడింది.

ఫోన్ మానెయ్యండి. ఫోన్‌లో వాళ్లు వెంటనే ఏదో ఒకటి అనాలి కాబట్టి "మాకేం లేదు" అంటారు. రాసి పంపితే తీరిగ్గా చదువుకుంటారు, వాళ్ల భార్యలూ చదువుతారు. మా చిన్నమామయ్యని ఒప్పించింది అత్తయ్యే. ఫ్యామిలీ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. ఎవరికి వాళ్లకి విడిగా పంపండి, ఎవరి రిపోర్ట్ సంగతీ ఇంకొకరికి చెప్పనని కూడా రాయండి. పెళ్లి సంబంధాలు చూసే ఇళ్లలో అసలు భయం అక్కడ ఉంటుంది.

నెదర్లాండ్స్‌లో ఇలా ఒకరి నుంచి ఒకరికి వెతుక్కుంటూ వెళ్లే పనిని 1994 నుంచి పద్ధతిగా చేశారు. మా డాక్టర్‌గారు ఆ వివరాలు చూపించారు. మొదటి ఐదేళ్లలో 237 మంది రోగుల దగ్గర మొదలుపెట్టి 5,442 మంది బంధువులను పరీక్షిస్తే 2,039 మందిలో దొరికింది. అప్పటికి ఆ పెద్దవాళ్లలో 39 శాతం మందే మందులు వాడుతున్నారు, ఏడాది తర్వాత 93 శాతం మంది వాడుతున్నారు. అంటే చెప్తే వింటారక్కా. మనవాళ్లు వినరని ముందే అనుకోవద్దు.

మీ చెల్లిగారి సంగతి. పరీక్షకీ మందుకీ మధ్య ముడి వెయ్యొద్దు. గర్భం గురించి ఆలోచించేవాళ్లకి, గర్భంతో ఉన్నవాళ్లకి స్టాటిన్లు సాధారణంగా ఆపిస్తారు, నాకూ అలాగే ఆపించారు. ముందే తెలిసి ఉంటే డాక్టర్ దాన్ని బట్టి ప్లాన్ చేస్తారు. ఇప్పుడు పరీక్ష, మందు తర్వాత అని చెప్పి చూడండి.

నేను మావాళ్లకి పంపిన మెసేజ్ పెడుతున్నాను, మీ పేర్లు పెట్టుకుని వాడుకోండి:

"నాకు కొలెస్టరాల్ బాగా ఎక్కువ ఉందని తేలింది. ఇది తిండివల్ల వచ్చింది కాదు, మన ఇంట్లో పుట్టుకతో వచ్చే రకం. అమ్మకీ ఉంది. నీకు ఉండొచ్చు, లేకపోవచ్చు. ముఖం చూసి గానీ, ఒళ్లు చూసి గానీ తెలియదు. ఒక్క లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్టరాల్ రక్తపరీక్ష) చేయించుకో. రిపోర్ట్ నాకు చూపించనక్కర్లేదు, డాక్టర్‌కి చూపించి 'మా ఇంట్లో ఫెమీలియల్ హైపర్‌కొలెస్టరోలీమియా ఉంది' అని మాత్రం చెప్పు. ఉందని తేలితే మందుంది. లేదని తేలితే నీ పిల్లలకి కూడా మన వైపు నుంచి ఈ భయం లేదు. నేను మళ్లీ గుర్తు చెయ్యను, నువ్వు అడిగితే మాత్రం తోడు వస్తాను."

"మళ్లీ గుర్తు చెయ్యను" అన్న మాట తీసెయ్యకండి. ఆ మాట చూసే నాతో మాట్లాడానని మా మామయ్య తర్వాత చెప్పాడు.

---

వంశవృక్షం:

మూడో తరంగారి మెసేజ్ చాలా బాగుంది. ఒక్క చోట సవరణ. పరీక్షల ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉంది.

పెద్దమ్మాయిగారూ, వీలైతే ముందు మీకు జన్యుపరీక్ష చేయించండి. జబ్బు ఉన్నట్టు కనిపిస్తున్న మనిషి దగ్గరే మొదలుపెట్టాలి. ఫలానా చోట లోపం ఉందని మీలో దొరికితే, మిగతావాళ్లలో ఆ ఒక్క చోటే చూస్తే సరిపోతుంది, జవాబు ఉందనో లేదనో తెగుతుంది. మీలో ఏమీ దొరకకపోతే జబ్బు లేదని కాదు, తెలిసిన చోట్ల లోపం కనిపించలేదని మాత్రమే. అప్పుడు ఇంట్లోవాళ్లకి లిపిడ్ అంకెలతోనే నడవాలి. మీరు చేయించకుండా చెల్లికి నేరుగా జన్యుపరీక్ష చేయిస్తే, "ఏమీ లేదు" అని వచ్చినా దాన్ని నమ్మలేం. వరస ముఖ్యం.

జన్యుపరీక్ష కుదరకపోయినా ఆగొద్దు, మామూలు లిపిడ్ ప్రొఫైల్‌తో మొదలుపెట్టండి. పెద్దవాళ్లలో మందులు లేకుండా ఎల్‌డీఎల్ 190 దాటితే అనుమానించాలి. మీ బాబుకి ఆ హద్దు పనికిరాదు. తల్లికి ఈ జబ్బు ఉన్నప్పుడు పిల్లల్లో 160 దాటినా గట్టిగా చూడాలి, అంతకన్నా తక్కువైనా డాక్టర్ మళ్లీ చేయించమనవచ్చు. తొమ్మిదేళ్లు పరీక్షకి సరైన వయసే. మందు ఎప్పుడన్నది పిల్లల డాక్టర్ చెప్తారు.

మేనత్తగారి రక్తం తీసేటప్పుడు లైపోప్రోటీన్ (ఎ) కూడా చూడమని అడగండి, మీకూ చేయించండి. రక్తంలో కొలెస్టరాల్‌ని మోసే ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో కణం అది, 1963లో కోరె బెర్గ్ కనుక్కున్నాడు. ఎక్కువ భాగం పుట్టుకతోనే నిర్ణయమవుతుంది, తిండితో, నడకతో పెద్దగా మారదు, మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో కనిపించదు. జీవితంలో ఒక్కసారి చూసుకుంటే చాలు. ఈ జబ్బుతో పాటు అదీ ఎక్కువగా ఉంటే ముప్పు ఇంకా పెరుగుతుంది.

ఇక సవరణ. బాబాయిగారి అబ్బాయిలకి పంపేదాంట్లో "ఉండొచ్చు, లేకపోవచ్చు" అన్న చోట "రెండింట్లో ఒక వంతు అవకాశం" అని రాయండి. ఉండొచ్చు అంటే ఒకరికి నూటికి ఒకటి అనిపిస్తుంది, ఇంకొకరికి తొంభై అనిపిస్తుంది. మేనత్తగారి పిల్లలకి మాత్రం ఇప్పుడే పంపకండి. ఆవిడ రిపోర్ట్ రానివ్వండి, బహుశా వాళ్లకి ఈ మెసేజ్ అవసరమే ఉండదు.